కడగని పొర

నేను ఒక పొరను. ఉల్లిపొరను కాదు, కంగారు పడకండి. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌లో రెండు గదుల నడుమ నిలబడి, ప్రోటాన్లను దాటనిచ్చి హైడ్రోజన్ వాయువును ఆపడం నా పని. గుమ్మం దగ్గర కాపలా ఉద్యోగం. అందుకే ఎవరినీ ఓ పట్టాన నమ్మను.

నన్ను తయారు చేసింది కృపావతి, విశాఖలో ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిని. పాలిమర్ ద్రావణంలో మెత్తటి బంకమన్ను కలిపి, గాజు పలక మీద పోసి, ఆరాక ఒలిచి, ఆమ్లంలో నానేసింది. మన్ను నీటిని పట్టి ఉంచుతుందనీ, తడి ఉంటే ప్రోటాన్లు చకచకా దాటుతాయనీ ఆమె ఆశ. ఫెలోషిప్ ఆ నెలతో ఆఖరు. మంచి ఫలితం రాకపోతే పొడిగింపు ఉండదు, థీసిస్ గల్లంతే. ఆ తొందరలో నన్ను కడిగీ కడగనట్టు కడిగి కొలత యంత్రంలో బిగించేసింది.

ప్రోటాన్లు ఎంత జోరుగా దాటుతున్నాయో చెప్పే అంకె చూసి అందరూ ఎగిరి గంతేశారు. మన్ను లేని పొర కన్నా ఐదింతలట! ఆమె గైడ్ పినాకపాణి గారు నన్ను పట్టకారుతో ఎత్తి, "బంగారమమ్మా ఇది, బంగారం!" అన్నారు. అంతవరకూ నా వంక కన్నెత్తి చూడని మనిషి! ఎందుకీ ముద్దులు? నాకు ఒళ్లు మండింది. ఆయన అప్పుడే ఢిల్లీలో జరగబోయే సదస్సు వాళ్లకు ఫోన్ చేసి చెప్పేశారు కూడా.

కృపావతి మాత్రం నవ్వలేదు. నన్ను ఉంచిన పళ్లెంలోని తడికి నీలి లిట్మస్ కాగితం తాకించింది. ఎర్రబడింది. అంటే ఆమ్లం ఇంకా ఉంది. నాలో ఇరుక్కున్న ఆమ్లమే ప్రోటాన్లను మోసింది. ఆ ఘనత నాది కాదు. సెల్‌లో నీళ్లు తగిలితే ఆ ఆమ్లం కొట్టుకుపోతుంది. కాగితం రంగు మారడం మానేదాకా నన్ను వేడినీళ్లలో కడిగి, మళ్లీ కొలిచింది. అంకె దబ్బున పడిపోయింది. మన్ను లేని పొర కన్నా కాస్తే ఎక్కువ.

"నిన్నెవరమ్మా కడగమన్నది?" అన్నారు పినాకపాణి గారు.

"ఎవరూ అన్లేదు సార్. అనుమానమొచ్చింది."

"మొదటి అంకే పంపు. ఇది మనిద్దరి మధ్యే ఉంటుంది. నీ ఫెలోషిప్ సంగతి ఆలోచించుకో."

"రేపు ఇంకెవరైనా కడిగితే సార్?"

 ఆయన ఫోన్ తీసి సదస్సు వాళ్లకు చేశారు. ఇంకే అబద్ధం చెబుతాడో అని చెవులు రిక్కించాను. "ఆ అంకె తప్పండీ. తొందరపడ్డాను," అన్నారు. నేను నమ్మలేకపోయాను.

ఫెలోషిప్ ఆగిపోయింది. కృపావతి ఇప్పుడు పొద్దున్నే ట్యూషన్లు చెప్పి, మధ్యాహ్నం ల్యాబ్‌కి వస్తోంది. కొత్త పొర చేసినప్పుడల్లా పోలిక కోసం ముందు నన్ను కొలిచి, తర్వాతే దాన్ని కొలుస్తుంది. నన్నిప్పుడు ఎవరూ పొగడరు. ఆమె చెయ్యి తగిలితే మాత్రం నాకు బెరుకు లేదు.

నిన్న ఒక కొత్త పొర పెద్ద అంకె చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. కృపావతి నీళ్లు కాచడానికి లేచింది.