మహాబలేశ్వరంలోనే ఆగిన కృష్ణ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. 2006 మార్చిలో ఆ శనివారం మధ్యాహ్నం మాత్రం నెత్తికెక్కి కూర్చుంది. సోమవారం మా చెల్లెలు జుబియాకి ఇంటర్ జాగ్రఫీ పరీక్ష. దానికి పుట్టుకతోనే చూపు లేదు, పాఠాలు వేళ్లతో చదువుతుంది. అంధుల స్కూలువాళ్ల కాళ్లావేళ్లా పడి బ్రెయిలీ ప్రింటర్ తెచ్చాను. సాయంత్రం ఆరింటికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి.

ఆ ప్రింటర్‌ది పాతకాలపు సీరియల్ తీగ. నా ల్యాప్‌టాప్‌కి ఉన్నదేమో యూఎస్‌బీ. రెంటినీ కలపడానికి పేరూ ఊరూ లేని కన్వర్టర్ ఒకటి కొన్నాను. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం నేనే రాశాను. బెజవాడ వన్ టౌన్‌లో సగం కంప్యూటర్లు బాగుచేసే ముస్తాక్ ఆ మాత్రం రాయలేడా అని నా పొగరు.

నాలుగు పేజీలకోసారి కన్వర్టర్ 'స్టాల్' అని బిగుసుకుపోయేది. ఇక తీసుకోలేను, ముందు నా సంగతి చూడు అని అది చెప్పే పద్ధతి అది. నేను దాన్ని కదిలించే ఆదేశం ఒకటి పంపేవాణ్ణి. ప్రింటర్ మళ్లీ టకటకా చుక్కలు పొడిచేది. పని అయిపోయిందనుకున్నాను.

"భయ్యా," అంది జుబియా, కాగితం మీద వేళ్లు ఆపి. "కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పుట్టి సముద్రంలో కలుస్తుందట. మన ఊరు రాకుండానే కలిసిపోయిందా?"

మధ్యలో ఒక ముక్క ఎగిరిపోయింది. పాత పేజీలు తడిమింది. ఇంకో రెండు చోట్ల కూడా అంతే.

"తప్పు చదివి తప్పే రాస్తే నాకెలా తెలుస్తుంది భయ్యా?" అంది మెల్లగా.

నాకు ఒళ్లు మండింది. కన్వర్టర్ని తిట్టాను, అమ్మినవాణ్ణి తిట్టాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుందిరా నీ వరస," అన్నాడు అబ్బా, అన్నం ముందు కూర్చుంటూ. మా అబ్బా, అంటే నాన్న, రహమతుల్లా వన్ టౌన్ గోడౌన్లో హమాలీ మేస్త్రీ. చదువు రాదు గానీ బస్తాల లెక్కలో ఇంతవరకు తప్పింది లేదు. "అది ఆగిపోతే ఏం చేస్తున్నావు?"

"మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టమని దానికి చెబుతున్నాను."

"మరి నువ్వు?"

"నేనేంటి అబ్బా?"

"లారీ దగ్గర ఒకడు, గోడౌన్ గుమ్మంలో ఒకడు లెక్క పలుకుతారా? మధ్యలో తాడు తెగో, వాన పడో పని ఆగితే, ఇద్దరూ మళ్లీ 'లాభం' అనే ఎత్తుకోవాలి. ఒకడు లాభం అని, ఇంకోడు పాత లెక్కలోనే ఉంటే బస్తా పోతుంది. ఏ బస్తానో ఎవడూ చెప్పలేడు."

బజారులో ఎవరూ ఒకటి అనరు, లాభం అనే మొదలుపెడతారు. చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఆ పూట మాత్రం చటుక్కున ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాను.

యూఎస్‌బీలో వెళ్లే ప్రతి ముక్కకీ సున్నా, ఒకటి, మళ్లీ సున్నా అని ఒక గుర్తు ఉంటుంది. పంపేవాడూ పుచ్చుకునేవాడూ ఆ గుర్తులు కలుపుకుంటారు. స్టాల్ తీరాక ఇద్దరూ సున్నా నుంచే మొదలవ్వాలి. నేను కన్వర్టర్‌కి మాత్రమే చెప్పాను. నా వైపు పాత గుర్తే నడిచింది. గుర్తు కలవకపోతే, ఇది ఇంతకుముందు అందిందేలే అనుకుని కన్వర్టర్ ఆ ముక్కని మర్యాదగా పుచ్చుకుని పారేసింది. ఈ పనికి ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కెర్నెల్లో ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన ఫంక్షన్ ఉంది, రెండు వైపులా సరిచేస్తుంది. అతి తెలివికి పోయి నేనే దాన్ని కాదన్నాను. మా అబ్బా మొహం చూడని ఆ మనిషెవరో, కంప్యూటర్ మొహం చూడని మా అబ్బా ఒకే మాట చెప్పారు.

నేను రాసింది కొట్టేసి ఆ ఫంక్షన్నే పెట్టాను. ప్రింటర్ ఆగింది, తేరుకుంది, కదిలింది. ఐదున్నరకి పాఠాలన్నీ వచ్చేశాయి.

జుబియా ఆ పేజీ వెతికి చదివింది. "మహాబలేశ్వరం దగ్గర పుట్టి, విజయవాడ మీదుగా ప్రవహించి, హంసలదీవి వద్ద సముద్రంలో..." వేలు వెనక్కి తెచ్చుకుని నవ్వింది. "మన ఊరు వచ్చింది భయ్యా."

"ఏదమ్మా, ఎక్కడ?" అన్నాడు అబ్బా.

జుబియా ఆయన వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టింది. బస్తాలు మోసి మొద్దుబారిన వేలు. "ఏం తెలియట్లేదమ్మా," అన్నాడు. జుబియా ఇంకాస్త గట్టిగా ఒత్తి పట్టుకుంది. అబ్బా కళ్లు మూసుకున్నాడు. వేలి కింద ఒక్కో చుక్కా తగులుతుంటే ఆయన పెదవులు కదిలాయి.

"లాభం," అన్నాడు. "రెండు... మూడు..."