తాళమేసిన ఇంటి ఓటు

మామూలు రోజుల్లో నేను మా ఊరి అంగన్‌వాడీ టీచర్ని. ఓట్ల కాలం వస్తే బీఎల్వోని, అంటే ఓటర్ల జాబితా చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషిని. పిల్లలకు గుడ్లు ఉడకబెట్టేదీ నేనే, జాబితాలోంచి చనిపోయినవాళ్లను తీసేసి కొత్త కోడళ్లను ఎక్కించేదీ నేనే. నా పేరు నాగవేణి. ఆ పేరుతో పిలిచేది మా ఆయన ఒక్కడే, అదీ కోపం వచ్చినప్పుడు. మిగతా ఊరంతటికీ టీచరమ్మనే.

సర్పంచి ఎన్నికలకు నామినేషన్లు మొదలవడానికి ఇంకా ఇరవై రోజులుందనగా, వైశాఖం ఎండలో గొడుగేసుకుని వెంకటేశ్వర్లు మామ మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఫారం. ఫలానావాళ్లు ఊళ్లో లేరు, జాబితాలోంచి పేరు తీసేయండి అని అడిగే ఫారం అది. మల్లమ్మ అనే ఓటరు ఏడాదిగా ఊళ్లో లేదని, శాశ్వతంగా వలస పోయిందని, ఇంటికి ఎప్పుడు చూసినా తాళమేనని అందులో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

ఆమె భర్త కృష్ణ సంగతేమిటని అడిగాను. అతని పేరు ఉండనీ, అతనితో మనకు పని లేదన్నాడు. ఒకే ఇంటికి ఒకే తాళం, దాని వెనక మొగుడు ఊళ్లో ఉన్నాడు, పెళ్లాం వలస పోయింది. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మా అంగన్‌వాడీ నడిచేది వెంకటేశ్వర్లు మామ పాత ఇంట్లో.

అసలు సంగతి ఊరందరికీ తెలుసు. ఈసారి సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చింది. ముప్పై ఎకరాల ఆసామి వెంకటేశ్వర్లు మామ, తన కోడలు శ్రీదేవిని ఏకగ్రీవంగా కూర్చోబెడదామని పెద్దల్నందర్నీ ఒప్పించుకున్నాడు. కోడల్ని ఒప్పించాడో లేదో నాకు తెలియదు. అంతా అయిపోయింది అనుకున్నాక, గొర్రెలవాళ్ల వీధి వాళ్లు మా మల్లమ్మ నిలబడుతుందన్నారు. గుట్టకు పోయే బాటను రెండు పక్కలా చేలవాళ్లు కంచెలు జరుపుకుంటూ వచ్చి, గొర్రెలు ఒకదాని వెనక ఒకటి పోవాల్సినంత సన్నం చేసేశారు. బాట వెడల్పు చేయించమని మల్లమ్మ నాలుగేళ్లుగా అర్జీలు పెడుతోంది. అర్జీలు తీసుకునే కుర్చీలోనే కూర్చుంటే పోలేదా అని ఈసారి ఆమెకు తోచింది. జాబితాలో పేరు ఉంటేనే నామినేషన్. పేరు పోతే శ్రీదేవి ఏకగ్రీవం, బాట అంతే.

ఫారం అందితే నేను విచారించాలి. మల్లమ్మ ఇంటికి మూడుసార్లు పోయాను, మూడుసార్లూ తాళం కనిపించింది. ఆ ఇంట్లో ఉండేది ఉన్ని, మోకులు, వానాకాలానికి దాచిన గొంగళ్లు. మనుషులు ఉండరు. మంద ఎక్కడ పడుకుంటే మల్లమ్మ అక్కడ పడుకుంటుంది. కోతలయ్యాక మూడు నెలలు మేత కోసం కంభం చెరువు దిక్కుకు, ఇంకా కిందికి పోతారు. మిగతా కాలమంతా మా ఊళ్లోనే, రోజుకో చేలో. విత్తనాలకు ముందు చేలో మంద పడుకుంటే పెంటికలూ పంచితమూ పడి నేలకు బలం. యూరియా బస్తాలు ఎన్ని చల్లినా అంత కాపు రాదని మా రైతుల నమ్మకం. అందుకని వైశాఖం వచ్చిందంటే పెద్దపెద్ద ఆసాములు కూడా మల్లమ్మ దగ్గరికి పోయి, ఈసారి ముందు మా చేలో పెట్టు అని వంతు కోసం బతిమాలుకుంటారు. మూడు వందల జీవాల మంద ఆమెది.

ఇదంతా తెలిసీ నేను రిపోర్టులో ఇల్లు తాళం వేసి ఉంది అని మాత్రమే రాశాను. అది అబద్ధం కాదు. ఆ ఫారంలో చేనుకు గడి లేదు. ఇట్లా నాకు నేను నచ్చజెప్పుకున్నాను గానీ, ఆ రోజు అన్నం సయించలేదు.

తర్వాత నోటీసు అందజేయాల్సింది కూడా నేనే. తలుపుకు అంటిస్తే సరిపోతుంది. మనసొప్పక ఊరి చివర బీడుకు పోయాను. అప్పుడే కంభం నుంచి తిరిగొచ్చిన మంద అక్కడ దిగి ఉంది. మల్లమ్మ గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. నోటీసు చదివి వినిపించి, వేలిముద్ర వేయమన్నాను. ఆమె నన్నూ, కాగితాన్నీ చూసింది.

"నేను ఊర్లో లేనని చెప్పడానికి ఊర్లోకే వచ్చినావా టీచరమ్మా?"

నేను సిరా డబ్బా ముందుకు జరిపాను. ఆమె కోప్పడకుండా వేలు సిరాలో అద్ది వేసింది. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

విచారణ మండలాఫీసులో. ఒంగోలు నుంచి కొత్తగా వచ్చిన డిప్యూటీ తాసిల్దారు కృప మేడం కూర్చుంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వెంకటేశ్వర్లు మామ ఇస్త్రీ చొక్కాతో, సాక్షిగా పక్క చేను బాలకృష్ణను తన కార్లోనే ఎక్కించుకుని వచ్చాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా పాఠం చెప్పి ఉంటాడు, ఎందుకంటే కారు దిగేటప్పటికి బాలకృష్ణ పెదాలు కదులుతున్నాయి. మల్లమ్మ ఒక్కతే ఆటోలో వచ్చింది. కృష్ణ మంద దగ్గర ఉన్నాడు. ఇద్దరూ వస్తే జీవాల్ని చూసేదెవరు.

వెంకటేశ్వర్లు మామ ముందు ఫోను తీసి ఫొటోలు చూపించాడు. తాళం ఉగాదికి ముందు, తాళం ఉగాదికి తర్వాత, తాళం దగ్గర్నుంచి, తాళం దూరం నుంచి. సొంత మనవరాలు ప్రియదర్శినికి కూడా ఆయన అన్ని ఫొటోలు తీసి ఉండడు.

కృప మేడం నా రిపోర్టు చూసి, తాళం తప్ప ఇంకేమైనా విచారించారా అని అడిగింది. వెంకటేశ్వర్లు మామ నా వైపు తిరిగి చూశాడు. నా కళ్లకు అంగన్‌వాడీ గది, గోడ మీద నేను వేసిన అ ఆలు, మూలనున్న గుడ్ల ట్రేలు కనిపించాయి. అంతే మేడం అన్నాను. అన్నాక మల్లమ్మ ముఖం చూడలేకపోయాను. నాకు ఇప్పటికీ నా మీద కోపం వచ్చేది ఆ ఒక్క మాటకే.

బాలకృష్ణను పిలిచారు. ఈమెను ఊళ్లో చూసి ఏడాది దాటిందని, వలస పోయిందని విన్నానని, ఎక్కడికో తెలియదని ఒక్క బిగిన అప్పజెప్పాడు. మేడం అది రాసుకుని, మీరేం చెప్తారమ్మా అని మల్లమ్మను అడిగింది. ఇల్లు తాళం వేసి ఉన్న మాట నిజమేనా?

నిజమేనంది మల్లమ్మ. ఏడాదంతా తాళమేనంది. నామినేషన్లకు ఎనిమిది రోజులుంది, ఈ పిచ్చిది తన పేరు తానే కొట్టేసుకుంటోంది అనుకున్నాను. వెంకటేశ్వర్లు మామ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

మల్లమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని నిలబడింది.

"నన్ను ఈ ఊర్లో తీసేస్తే తీసేయండి మేడం. యే ఊరిదాన్నో అది గూడా రాసిచ్చేయండి. రేపట్నుంచి మంద ఆ ఊరికే తోలుకపోతా. మనది గాని ఊరి చేన్లలో పండబెట్టడం తప్పు గదా."

ఆమె బెదిరించలేదు. అడిగిన తీరు అట్లా లేదు. మనసులో పుట్టిన సందేహాన్ని చదువుకున్న పిల్లను అడిగినట్టే అడిగింది. కానీ నా పక్కన బాలకృష్ణ కుర్చీ కిర్రుమంది.

"యాడికి పోయేది మల్లమ్మక్కా? పోయినేడు మిగిలిన నా వంతు ఈయేడు తీరుస్తానంటివి గదా?"

మేడం కలం ఆగింది. పోయిన సంవత్సరం ఎక్కడ అన్నదండీ ఆ మాట, అని నెమ్మదిగా అడిగింది. మా చేలోనే మేడం, అన్నాడు బాలకృష్ణ. అప్పటికైనా ఆగాల్సింది. కానీ ఏడాదిగా లోపల నానుతున్న బాధ. ఎదురుగా గవర్నమెంటు మనిషి కూర్చుని, కలం పట్టుకుని, వింటోంది. ఎవరాపుకోగలరు? తనకు ఆరు రోజులు రావాల్సిన మంద రెండు రోజులే వచ్చిందని, ఈలోపల వాన పడి దుక్కులు మొదలైపోయాయని, తన కంది చేను గిడసబారిపోయిందని, దానికంతటికీ కారణం ఇదిగో ఈ వెంకటేశ్వర్లన్నేనని చెప్పుకుపోయాడు. ఆయన తన మిరప చేలో మందను వరసగా పదకొండు రోజులు ఆపుకున్నాడట.

వెంకటేశ్వర్లు మామ ముఖం ఎర్రబడింది. ఓటు సంగతీ, ఫారం సంగతీ, కోడలి సంగతీ అన్నీ మరిచిపోయాడు. ఊళ్లో ఎవరేమన్నా పడతాడు గానీ, వంతు తిన్నాడన్న మాట పడడు.

"పదకొండు యాడివిరా? తొమ్మిదే. ఒక్క దినం ఎక్కువ పెట్టించుకున్నా నన్నడుగు."

ఆయనకు తానేమన్నాడో చెవినపడటానికి కాస్త టైం పట్టింది. కృప మేడం తల ఎత్తకుండానే, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అండీ ఆ తొమ్మిది, అని అడిగింది. మల్లమ్మే పాపం సాయం చేసింది. పోయినేడు ఏరువాకకు ముందు మంగళవారం దిగినాం, ఇంకా ఏడాది గూడా నిండలేదు, అన్న చెప్పింది నిజమే, తొమ్మిదే, అంది.

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. అందరూ చెప్పేశాక వచ్చే ధైర్యం, నాలాంటి వాళ్లకు వచ్చేది అదే. లేచి నిలబడి, ఈమె ఏడాదిలో తొమ్మిది నెలలు మా ఊరి చేలలోనే పడుకుంటుందని, రిపోర్టులో రాయకపోవడం నా తప్పని చెప్పాను. ఎందుకు రాయలేదని మేడం అడిగింది. గది లేదు మేడం అన్నాను. ఫారంలో గడి లేదనాల్సింది భయంలో అట్లా వచ్చింది గానీ, ఆలోచిస్తే అదీ నిజమే. అంగన్‌వాడీకి ఇంకో గది లేదు.

వెంకటేశ్వర్లు మామ తేరుకుని, చేను ఇల్లెట్లవుతుంది మేడం అని చివరి ప్రయత్నం చేశాడు. ఇల్లే లేనివాళ్లకు కూడా పడుకునే చోటును చూసి ఓటు ఇస్తామండీ, రైల్వే స్టేషన్ ముందు పడుకునేవాళ్లకు కూడా, అంది మేడం. ఈమెకు ఊళ్లో ఇల్లు ఉంది, పడుకోవడానికి మీ చేను ఉంది. ఫిర్యాదు కొట్టేస్తున్నాను. మల్లమ్మ ఊళ్లో ఉన్నట్టు మీరే తేదీలతో చెప్పారు కాబట్టి సాక్షి సంతకం మీరే పెట్టండి.

ఫారంలో గుండ్రంగా వచ్చిన ఆయన అక్షరాలు ఈసారి అంత గుండ్రంగా రాలేదు.

బయటికొచ్చి ఆఫీసు మెట్ల పక్కన నీడలో నిలబడ్డాం. బాలకృష్ణ కారు దగ్గరికి పోవాలో, ఆటో దగ్గరికి పోవాలో తెలియక మధ్యలో ఆగాడు. నేను మల్లమ్మతో ఏదో చెప్పబోయాను. ఆమె నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసి, వెంకటేశ్వర్లు మామ దగ్గరికి పోయింది.

"నేను యాడ పండుకుంటానో నీకు తెల్సు గదన్నా. వానొచ్చిన దినం నువ్వే గదా గొడుగు పంపిచ్చినావు."

ఆయన నేల చూశాడు. తెల్సులేమ్మా, అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. మాకు మా కోడలే కావాలని ఏదో, అంటూ సగంలో ఆపేశాడు. మల్లమ్మ కళ్లు నిండాయి. ఏడుపు కాదు, అంతకంటే పాతదేదో. నా ఊరు కాదని మాత్రం ఇంకెప్పుడూ రాయొద్దన్నా అంది. రాయనన్నాడు.

మాట్లాడాల్సింది అయిపోయింది గానీ ఆయన కారెక్కడం లేదు. తాళం చెవులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. ఆయనకేం కావాలో మాకందరికీ తెలుసు. అడగడానికి ముఖం చెల్లడం లేదు. ఆ ముప్పై ఎకరాల మనిషిని చూసి ఆ క్షణంలో నాకు జాలేసింది.

మల్లమ్మే అడిగించుకోకుండా చెప్పింది. బాలకృష్ణకు మిగిలిన నాలుగు రోజులు ముందు తీర్చేస్తుందట. ఆ తర్వాత మంద వెంకటేశ్వర్లన్న మిరప చేలోకే. ఆయన చేను ఊరిని ఆనుకుని ఉంది, బడికీ పంచాయితీ ఆఫీసుకూ దగ్గర, వచ్చేపోయే జనానికి ఆమెను కలవడానికి వీలుగా ఉంటుందట.

ఆయన ముఖం విప్పారింది. రెండో మాట ఇంకా బుర్రకెక్కినట్టు లేదు.

"ఎన్ని దినాలు పెడతావమ్మా?"

"ఓట్లయ్యేదాకా" అంది మల్లమ్మ, ఆటోలో కూర్చుంటూ.