చేతులు చూపించండి

అతన్ని ఆఫీసులో టెస్టరు అంటారు, ఇంటర్నెట్‌లో తాబేలు అంటారు. మొదటి పేరుతో జీతం వస్తుంది, రెండో పేరుతో పరువు వస్తుంది. రెంటిలో ఏది ముఖ్యమని అడిగితే నెలాఖరున ఒక మాట, మిగతా రోజుల్లో ఇంకో మాట చెబుతాడు.

బస్సు టిక్కెట్లు కోసే యంత్రాలకి సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ అతనిది. రాసేవాళ్లు రాస్తారు, ఇతను అందులో తప్పులు పడతాడు. ఎంత పకడ్బందీగా రాసినా సరే, ఇతని బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట బొక్క బయటపడాల్సిందే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు, తెలిసినట్టు నడుస్తాడు కూడా.

ఇక తాబేలు సంగతి. 'బురుజు' అని ఒక పాత కంప్యూటర్ ఆట ఉంది. భుజాన సంచీ వేసుకున్న ఒక పోస్ట్‌మ్యాన్ బురుజు ఎక్కి పైనున్న రాణికి ఉత్తరం ఇవ్వాలి, అంతే కథ. తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. అయినా దేశదేశాల్లో కొన్ని వందల మంది ఇప్పటికీ ఆ ఆట ఆడుతున్నారు, ఎవరు త్వరగా ఎక్కుతారా అని పోటీ పడుతున్నారు. ఎందుకూ అని అడిగేవాళ్లున్నారు. క్యారమ్స్ ఆడేవాళ్లని ఎవరైనా అలా అడిగారా? పైసా లాభం లేకుండా, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, చచ్చిపోయిన ఆటని ఇంతమంది కలిసి బతికించుకుంటున్నారంటే అది గొప్ప సంగతి కాదా? కొత్త కంప్యూటర్ల మీద ఆ ఆట ఆగిపోకుండా నడిచేట్టు చేసింది ఎవరనుకున్నారు? తాబేలే. పోటీ పట్టికలో ఏళ్ల తరబడి మొదటి పేరు ఎవరిది? తాబేలుదే. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాడు. అందరూ అంటే ఇద్దరే, భార్యా, అత్తగారూ. భార్య మందుల షాపులో ఫార్మసిస్టు, అలిసిపోయి వస్తుంది కాబట్టి సగం విని నిద్రపోయేది. అత్తగారు మాత్రం చివరిదాకా వినేది.

పోటీకి వచ్చే వీడియోలు చూసి ఒప్పుకోవాలో వద్దో చెప్పే ముగ్గురు జడ్జీల్లో అతనూ ఒకడు. వేళ్లకి బదులు ప్రోగ్రాముతో మీటలు నొక్కించి గెలిచామని చెప్పుకునే దొంగలు ఎక్కడైనా ఉంటారు. వాళ్లని పట్టడానికి అతనే 'జల్లెడ' అని ఒక ప్రోగ్రాము రాశాడు. మీటకీ మీటకీ మధ్య ఎంత ఎడం ఉందో అది కొలుస్తుంది. మనిషి వేలన్నాక కాస్త ముందో వెనకో పడుతుంది, గడియారంలా పడిందంటే అది మనిషి పని కాదు. జల్లెడ ఇప్పటిదాకా పొరపాటు పడలేదు. అందుకని జల్లెడ పట్టాక ఎవరూ నోరెత్తరు.

ఒక సెలవురోజు పొద్దున అతను భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచేసరికి కొత్త వీడియో వచ్చి ఉంది. పంపిన మనిషి పేరు ఎర్రరిబ్బను. ఎవరో చిన్నపిల్ల కాబోలు అనుకున్నాడు. అత్తగారు టీ కప్పు పక్కన పెట్టి వెళ్లింది. అతను అలవాటు ప్రకారం సౌండు తీసేసి చూడటం మొదలుపెట్టాడు. బురుజు ఆడేవాళ్లంతా అంతే, సౌండు పెడితే ఆట వెంట్రుకవాసి నెమ్మదిస్తుందని అందరి నమ్మకం.

చివర్లో ఒక వంతెన ఉంటుంది. దాని మీద పైనుంచి రాళ్లు పడుతుంటాయి. ఎంతటి మొనగాడైనా అక్కడ ఆగి, రాయి పడ్డాక ఒక అడుగు, మళ్లీ ఆగి ఇంకో అడుగు వేయాల్సిందే. ఎర్రరిబ్బను ఆగలేదు. రాళ్ల మధ్యలోంచి సొంత వీధిలో నడిచినట్టు నడిచి వెళ్లిపోయింది. పట్టికలో మొదటి పేరు మారిపోయే ఆట అది.

అతను టీ కప్పు పక్కకి జరిపాడు. వెంటనే జల్లెడ తిప్పాడు. ఎడాలన్నీ ఒకటే, ఇది మనిషి కాదు అని తేల్చేసింది. నిజం చెప్పాలంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. వీడియోని తిప్పికొడుతూ అందరికీ కనిపించేట్టు రాశాడు: "ఇది యంత్రం ఆట. మనిషే అయితే చేతులు చూపించండి."

ఇంటర్నెట్ సంగతి తెలిసిందేగా, ఒకడు నవ్వితే పదిమంది పొర్లుతారు. సాయంత్రానికల్లా జడలో ఎర్ర రిబ్బను కట్టుకున్న ఇనుప రోబో బొమ్మ ఒకటి తయారైంది. అతను కడుపుబ్బ నవ్వి భార్యకి చూపించాడు. అత్తగారు కూడా వెనకనుంచి వంగి చూసింది.

"బాగుంది బాబూ. రిబ్బను కాస్త వంకరగా కట్టారు" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ఆవిడ సరిగా అన్నం తినలేదని భార్య అంది. ఎండలకి అయి ఉంటుందని అతను అన్నాడు.

వారం తిరక్కుండా ఎర్రరిబ్బను నుంచి జవాబు వచ్చింది. మాటల్లేవు, వీడియో ఒక్కటే. ఒకపక్క ఆట, ఇంకోపక్క కీబోర్డు, దాని మీద రెండు చేతులు.

అవి చిన్నపిల్ల చేతులు కావు. నరాలు తేలిన చేతులు, పొట్టిగా కత్తిరించిన గోళ్లు. మణికట్లు కదలకుండా, వేళ్లు మాత్రం లేచి పడుతున్నాయి. మొదటిసారి కంటే ఇంకాస్త వేగంగానే ఉంది. ఎక్కడైనా అతుకు ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు. ఇక మిగిలింది ఒకటే, మీటల చప్పుడు వేళ్లతో కలుస్తోందా లేదా చూడాలి. తప్పనిసరై సౌండు పెట్టాడు.

ముందు డప్పు వినిపించింది. ఆటలో డప్పు ఉందన్న సంగతే అతను మరిచిపోయాడు. వంతెన దగ్గరికి వచ్చేసరికి అతను ముందుకి వంగాడు. రాళ్లు డప్పు దెబ్బకి పడుతున్నాయి. వేళ్లు రెండు దెబ్బల మధ్య పడుతున్నాయి. ఆట రాసినవాడు దారి చూపిస్తూ డప్పు కొట్టి పెడితే, ఇన్నేళ్లూ ఇంతమంది మొనగాళ్లు సౌండు తీసేసి ఆ రాళ్లతో తలలు బాదుకున్నారన్నమాట. అందులో మొదటి తల తనదే.

ఇంతలో వీడియోలో, గోడ అవతలినుంచి, ఎవడో మగవాడు గావుకేక పెట్టాడు.

"అత్తయ్యా! నా కళ్లజోడు ఎక్కడైనా కనిపించిందా?"

వేళ్లు ఆగలేదు. వంతెన సగంలో ఉంది. ఆడగొంతు ఒకటి తాపీగా జవాబిచ్చింది.

"ఫ్రిజ్ మీద ఉంది, చూసుకోండి బాబూ!"

అతను ముక్కు మీదున్న కళ్లజోడు తడుముకున్నాడు. ఏళ్లుగా రోజూ ఆ చేతుల్లోంచి టీ అందుకుంటున్నాడు. ఒక్కనాడూ ఆ చేతుల వంక చూసిన పాపాన పోలేదు.

వంటింటి వెనక చిన్న గది అత్తగారిది. ఫోటోలు చూసుకుంటుందని తన పాత కంప్యూటర్ అక్కడ పెట్టాడు. అందులోంచి బురుజు తీసేయాలన్న ధ్యాసే అతనికి రాలేదు. వెళ్లేసరికి ఆవిడ మెత్తటి గుడ్డతో కీబోర్డు తుడుస్తోంది.

"అత్తయ్యా, ఎర్రరిబ్బను మీరా?"

"మీటల చప్పుడు సరిపోయిందా బాబూ? దగ్గర పెట్టి తీశాం, సరిపోకపోతే మళ్లీ తీస్తాను."

"అది కాదు. నాకు ముందే ఎందుకు చెప్పలేదు? చెబితే నేను అలా రాసేవాణ్ణా?"

"అందుకే చెప్పలేదు" అందావిడ. "చెబితే మొహమాటానికి పోయి ఒప్పేసుకునేవారు. రేపు ఎవరైనా, అల్లుడు జడ్జీ కాబట్టి అత్తగారు గెలిచిందంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

అతను మంచం అంచున కూలబడ్డాడు. "అసలు ఈ ఆట మీకెందుకు పట్టింది?"

"మీరేగా కారణం. దాని గురించి అంత గొప్పగా చెబుతారు, వినేవాళ్లేమో లేరు. మా అమ్మాయి గురకపెడుతుంటే మీరు దుప్పటికి చెప్పుకుంటారు. పాపం, ఇందులో ఏముందో చూద్దామని తెరిచాను. తీరా చూస్తే మా టైపు క్లాసే! మాకు నేర్పినాయన స్కేలుతో బల్ల మీద దెబ్బ వేసేవాడు. దెబ్బకి ఒక అక్షరం. ముందు పడినా తప్పే, వెనక పడినా తప్పే, మళ్లీ మొదటికి రావాల్సిందే. ఆ డప్పు వినగానే వేళ్లు వాటంతటవే లేచాయి. పేరు కూడా మా టైపు మిషనులోని ఎర్ర రిబ్బనుదే పెట్టుకున్నాను."

గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా ఆఫీసరు నా కాగితం చూసి, ఇది నువ్వు కొట్టింది కాదు, ఎక్కడో అచ్చు వేయించుకొచ్చావు అన్నాడు. అందరి ముందూ కూర్చుని కొట్టి చూపించాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరూ నన్ను చేతులు చూపించమనలేదు. మళ్లీ మీరే అడిగారు."

"తప్పయిపోయింది అత్తయ్యా. మిమ్మల్ని పట్టుకుని యంత్రం అన్నాను."

"అన్నారు. ఆ పూట ముద్ద దిగలేదు, అబద్ధమెందుకు? మర్నాడు పొద్దున లేచి ఆలోచిస్తే, ఈ వయసులో నా చెయ్యి అంత లెక్కగా పడుతోందని నలుగురి ముందు మీరే రాసిచ్చారు. ఇక దాన్ని తిట్టు అని ఎందుకనుకోవాలి?" ఆవిడ నవ్వింది. "ఇప్పుడు మాత్రం న్యాయంగా చూడండి. ఎక్కడా చుట్టరికం రాయొద్దు. నాకు మాటివ్వండి."

ఇచ్చాడు. ఇచ్చాక గానీ అదెంత కష్టమైన మాటో తెలియలేదు.

ముందు ఆ తీర్పులోంచి తప్పుకుని, మిగతా ఇద్దరు జడ్జీలకీ ఒకే సంగతి రాశాడు: సౌండు పెట్టి చూడండి. చెరో దేశంలో ఉన్న ఆ ఇద్దరూ చూశారు, నోరెళ్లబెట్టారు, ఒప్పుకున్నారు. తర్వాత అందరికీ కనిపించేచోట రాశాడు: "యంత్రం అన్నది నేను. తప్పు నాది, నా జల్లెడది. క్షమించండి." ఒకరి తప్పు ఒకరు పట్టుకుని పీక్కుతినే ఆ గుంపులో అలాంటి మాట ఎవరూ చూడలేదు. చాలాసేపు ఎవరికీ జోకు తట్టలేదు. జల్లెడలో డప్పు లెక్క కూడా కలిపి, ఎప్పుడైనా దాన్ని విప్పి చదివేవాళ్ల కోసం లోపల ఒక మాట రాసిపెట్టాడు: మనిషి ఇంత బాగా కూడా ఆడగలడు, తొందరపడొద్దు.

పట్టికలో మొదటి పేరు ఎర్రరిబ్బను. రెండో పేరు తాబేలు.

"ఇంతకీ కెమెరా ఎవరు బిగించారు?" అని ఆ సాయంత్రం భార్యని అడిగాడు.

"నేనే. మీ కళ్లజోడు ఫ్రిజ్ మీద పెట్టింది కూడా నేనే. మీరు నా మందుల సంచీ మీద పడేసి పోతే ఏం చేయను?"

మర్నాడు ఆఫీసులో టీమ్ లీడరు అతన్ని ఎగాదిగా చూసింది. "ఏంటండీ, తెగ వెలిగిపోతున్నారు? ప్రమోషనా?"

"బురుజులో నాకు రెండో స్థానం వచ్చింది!"

"ఇన్నాళ్లూ మొదటి స్థానమని చెప్పేవారుగా? దిగిపోయినందుకు ఇంత మిడిసిపడే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను."

"మొదటి స్థానంలో ఎవరున్నారో తెలిస్తే మీరూ..." అని నాలిక కరుచుకుని, గబగబా తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇంటర్నెట్ మాత్రం ఊరుకోలేదు. ఆ చేతులు ఎవరివి? ఆపరేషన్లు చేసే డాక్టరువా? వాయిద్యగాళ్లవా? దేశదేశాల వాళ్లు ఆ వంతెన ముక్కని మళ్లీ మళ్లీ వేసుకుని చూశారు, డప్పుకి ఆడటం మొదటినుంచి నేర్చుకున్నారు. తెలుగు తెలిసినవాడెవడో ఆ కేకకి అర్థం కూడా చెప్పాడు. దాంతో ఇంకో ప్రశ్న లేచింది. ఇంత గొప్ప మనిషి ఇంత గొప్ప ఆట ఆడుతుంటే, మధ్యలో కళ్లజోడు కోసం అరిచిన ఆ అప్రయోజకుడు ఎవడు? వాడి మీద బొమ్మలు వచ్చాయి, పాటలు వచ్చాయి. ఎవరికి ఏ వస్తువు కనపడకపోయినా "ఫ్రిజ్ మీద చూసుకోండి బాబూ" అనడం వాడుకైపోయింది.

అతను అవన్నీ ఒక్కటీ వదలకుండా చదివాడు. "నాకు తెలుసు" అని రెండుసార్లు టైపు చేసి, రెండుసార్లూ చెరిపేశాడు. మాట మాటే.

వెనక గదిలోంచి డప్పు వినిపిస్తోంది. ఆవిడ తన పేరు మీదున్న వేగాన్ని తనే దాటాలని చూస్తోంది. అతను టీ తనే పెట్టి తీసుకెళ్లాడు. గుమ్మంలో నిలబడి నోరు తెరవబోయేసరికి ఆవిడ తల తిప్పకుండానే, "వంతెన మీదున్నాను బాబూ" అంది. కప్పు పట్టుకుని, వంతెన దాటేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

తర్వాత తన గదికి వచ్చి, పట్టికలో రెండో పేరు పక్కన ఏళ్లుగా ఉన్న తాబేలు బొమ్మ తీసేశాడు. దాని చోట ఫ్రిజ్ మీదున్న కళ్లజోడు బొమ్మ పెట్టాడు. తాబేలు కూడా జోకులో చేరాడని అందరూ చప్పట్లు కొట్టారు.