చెరిపే మీట మీద బొట్టుబిళ్ల

నేను ఒక స్కానర్‌ని. కారుకు ఎక్కడ నొప్పి చేసిందో చదివి చెప్పే యంత్రాన్ని. ఎక్కడో సముద్రానికి అవతల పుట్టి, మొదట విశాఖలో ఒక పెద్ద షోరూములో పనిచేశాను. నేను ఏ సామాను పేరు చెబితే దాన్ని మార్చేసేవారు. నొప్పి ఉన్న చోటు నాకు తెలుస్తుంది గాని ఎందుకొచ్చిందో తెలియదు. ఆ సంగతి అక్కడెవరికీ పట్టలేదు. తరవాత నర్సీపట్నంలో షెడ్డు నడిపే పైడిరాజు నన్ను తెచ్చుకున్నాడు.

ఒక వానాకాలం ఉదయం టాక్సీ నడిపే వరహాలు, భార్య నూకరత్నంతో వచ్చాడు. చింతపల్లిలో అత్తవారింట ఉన్న కూతురిని ఆ మధ్యాహ్నమే ఘాట్ రోడ్డు మీదుగా పురిటికి తీసుకురావాలి.

స్టీరింగ్ వెనక, మీటర్ల మధ్య ఎర్రటి బొట్టుబిళ్ల అంటించి ఉంది.

“ఇదేటి మావయ్యా?” అన్నాడు పైడిరాజు.

“అక్కడో పసుపు దీపం ఎలుగుతంది. అది సూస్తే మీ అత్తకి గాబరా. మూసీసింది.”

“కళ్లు మూసుకుంటే దెయ్యం పోద్దా అత్తా?”

“ఎటకారాలు తరవాత. ముందు బండి సూడు బాబూ,” అంది నూకరత్నం.

పైడిరాజు హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పి, నా తీగను స్టీరింగ్ కింద గుచ్చాడు. ముందు ఎడమ చక్రం వేగం అందడం లేదని చెప్పాను. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుని కారు జారకుండా కాపాడే ఏర్పాటు ఆ లెక్క మీదే నడుస్తుంది. పసుపు దీపం వెలిగింది అందుకే.

“ఆ తప్పు సెరిపీ, దీపం ఆరిపోద్ది. మళ్లీ ఎలిగితే అప్పుడు సూద్దుం,” అన్నాడు వరహాలు, వేళ మించిపోతోందని.

“సెరిపితే ఇది కాసేపు నోరు మూసుకుంటాది. నొప్పి అక్కడే ఉంటాది. ఘాటీ మలుపులో నీ కూతురూ బండిలోనే ఉంటాది మావయ్యా.”

వరహాలు పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు.

జాకీతో ఎత్తి, కింద స్టాండు నిలిపి, పైడిరాజు చక్రం విప్పాడు. లోపల నల్లటి దిష్టితాడు. దాని కొస ఇరుసుకు చుట్టుకుని, చక్రం వేగం అందించే సన్నని తీగను తెంపేసింది.

“నానే కట్టేను. ఎవల కంటా పడకుండా,” అంది నూకరత్నం. “పిల్ల సల్లగా రావాలని.”

“తాడు మంచిదే అత్తా. సోటే మంచిది కాదు.”

కొత్త తీగ వేసి, తాడును ముందు బంపరుకు కట్టాడు. నా చెరిపే మీట నొక్కి తప్పు చెరిపి, వరహాలుని నడపమని, నన్ను ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. నడిపేవాడి కళ్లు రోడ్డు మీదే ఉండాలి. నాలుగు చక్రాలూ ఒకే మాట చెప్పాయి. ఆ తప్పు మళ్లీ రాలేదు.

వెళ్తూ నూకరత్నం ఆ బొట్టుబిళ్ల ఒలిచి నాకు అంటించింది. “నిజం సెప్పింది తల్లి,” అంది. అది సరిగ్గా నా చెరిపే మీట మీద పడింది.

సాయంత్రం అదే కారు షెడ్డు ముందు ఆగింది. వెనక సీట్లోని అమ్మాయి మంచినీళ్లు అడిగి తాగింది. బంపరు మీది తాడు వానకు తడిసి వేలాడుతోంది.

ఇప్పుడు నా తెర మీద సగం అక్షరాలు కనబడవు. కొత్త స్కానర్ వచ్చింది, నేను అలమరలో ఉన్నాను. ఆ బొట్టుబిళ్ల వెలిసిపోయింది గాని ఊడలేదు. నేను పనిచేసినన్నాళ్లూ పైడిరాజు బొటనవేలు దాని మీద కాస్త ఆగేది. ఆగి, బండి వైపు ఇంకోసారి చూసి, అప్పుడు నొక్కేవాడు. ఆ ఆగడం నన్ను చేసినవాళ్లు నాలో పెట్టలేదు. ఒక తల్లి అంటించి వెళ్లింది.