సున్నం మరకలు

"క్లాసుల కూసోబెట్టి థియరీ చెప్తున్నన్నరు కదా! మరి థియరీకి సున్నం అంటుతదా?" మధులత భర్త ప్యాంటు అంచుల్ని బ్రష్‌తో రుద్దుతూనే ఉంది.

"అంటింది. పోతే పోయింది, లేకుంటే పడేయ్," అన్నాడు వీరేందర్ షూ లేసులు కట్టుకుంటూ.

చాన్నాళ్లుగా ఇదే గొడవ. వీరేందర్ యూనివర్సిటీలో వ్యాయామ విద్య విభాగానికి హెడ్. సొంతూరు ములకలపల్లిలో మాత్రం అందరికీ డ్రిల్లు సారే. "ఎగురుడు దుంకుడుకు గూడ యూనివర్సిటీ కావాల్నా?" అని ఎవరన్నా నవ్వితే, పట్టుకుని కూర్చోబెట్టి ఒంటి గురించీ ఊపిరి గురించీ పాఠం చెప్పేవాడు. అట్లాంటి మనిషి, కూతురు దుర్గ తన విభాగంలోనే బీపీఎడ్ చేస్తానంటే "వేరేది చదువు" అని నోరు మూయించాడు. ఎందుకో చెప్పలేదు.

మధులత మనసులో పురుగు తొలవడం అక్కడే మొదలైంది. కన్నబిడ్డను రానియ్యని చోట ఏం జరుగుతోంది?

"ఆడపిల్లల జోలికి ఎవడన్నా పోతుండా అక్కడ?"

"ఛీ, ఏం మాటలవి!"

"మరి మీరేమన్నా..."

మాట పూర్తికాకముందే బండి స్టార్ట్ చేశాడు.

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న అత్త సమ్మక్క తలాడించింది. "వాడేదో దాస్తుండు పిల్లా. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినా గిట్లనే చెప్పులు జూస్కుంట మాట్లాడేటోడు."

ఆ తొందరలో అతను టిఫిన్ డబ్బా మరిచిపోయాడు. మధులతకు సాకు దొరికింది. బస్సెక్కింది.

క్యాంపస్ నిండా ఫ్లెక్సీలు, పూలదండలు. ఎవరో పెద్దమనుషులు వస్తున్నారట. విభాగం మెట్ల దగ్గర ఆగి గ్రౌండ్ వైపు చూసింది. పరుగెత్తే ట్రాక్ మీద కార్లు! అడ్డంగా సున్నంతో గీసిన గళ్లు, గడికో కారు. ట్రాక్‌సూట్లు వేసుకున్న మగపిల్లలు చేతులూపుతూ బండ్లు మళ్లిస్తున్నారు. ఆడపిల్లలు పూలపళ్లేలు పట్టుకుని గేటు దగ్గర వరుసగా నిలబడ్డారు. మధ్యలో సున్నం బకెట్‌తో వీరేందర్.

"ఓ డ్రిల్లు సారూ! మెడల విజిలుంది గదా, ఊదరాదు! ఆ తెల్లకారు ఎనకకు పోవాలె!" సూటు వేసుకున్నతను అరిచాడు.

వీరేందర్ ఊదాడు.

మధులత డబ్బాను మెట్టు మీద పెట్టి, అతని కంట పడకుండా వెనక్కి వచ్చేసింది. ఇంకో ఆడదాని సంగతే అయితే తిట్టడానికి నోరన్నా వచ్చేది.

సాయంత్రం అందరూ అన్నాలకు కూర్చున్నారు. వీరేందర్ డబ్బా తెచ్చి మధ్యలో పెట్టాడు. మూత కూడా తీయలేదు.

"మెట్టు మీద దొరికింది," అన్నాడు.

"దొరికితే తినకపోయినవా కొడుకా?" అంది సమ్మక్క.

"తినబుద్ధి కాలే అమ్మా."

మధులత అతని కంచంలో పప్పు వడ్డించింది. "దుర్గను వద్దన్నది గిందుకేనా?"

"అవ్."

దుర్గ అయోమయంగా తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. వీరేందర్ కాసేపు అన్నం కలిపాడు. తర్వాత తలెత్తి ముగ్గురినీ చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"ఇగ ట్రాక్ మీద బండ్లు పెట్టనియ్యనని చెప్పొచ్చిన. హెడ్డుగ ఉంచుతరో తీస్తరో వాళ్లిష్టం. దుర్గా, నువ్వు మా దాంట్లనే చేరు బిడ్డా. రేపు పొద్దుగాల నాతోని రా. ముందుగాల ఆ గళ్లు చెరపాలె."