చల్లపూట ఎవరిది

తడిపి, పిండి, చుట్టచుట్టి ఫ్రీజరులో పెట్టిన తువ్వాలు తీసి ఆమె బల్ల మీద పెట్టింది. పక్కన ఉప్పూ నిమ్మరసమూ కలిపిన నీళ్ళ సీసా. ఆ పక్కన పల్చటి తెల్ల బనీను, ముందు అంచున్న టోపీ. ఇవన్నీ ఇలా వరసలో ఉంటే తప్ప భర్తగారి పరుగు మొదలవదు. ఒకసారి ఆమె టోపీ ఉతకడానికి వేస్తే, ఆయన గుమ్మంలో నిలబడి, "అయితే ఇవాళ మానెయ్యమంటావా?" అని అడిగాడు, ఆమె తన కాళ్ళు విరగ్గొట్టినట్టు మొహం పెట్టి.

షుగరు వచ్చేలా ఉందని డాక్టరు భయపెట్టేదాకా ఆయనకి పరుగంటే బస్సు అందుకోవడమే. ఇంట్లో అసలు పరుగు ఆమెది. కాలేజీ రోజుల నుంచీ ఆమెది. పెళ్ళయ్యాక చలికాలంలోనూ వానల్లోనూ ఏ వేళ సందు దొరికితే ఆ వేళ బూట్లు కట్టుకుని పోయేది, ఎవరికీ అడ్డు రాలేదు. ఎండాకాలంలో అలా కుదరదు. రోజు మొత్తానికి మనిషి పరుగెత్తగలిగింది ఒక్క చల్లపూటే, పొద్దున్నే సూర్యుడు ఇంకా ఇళ్ళ వెనకాల ఉన్న ఆ కాస్త సేపే. చల్లపూట ఒకటి, పరుగెత్తేవాళ్ళు ఇద్దరు, ఆ వేళ వంటకి ఒకరు ఇంట్లో ఉండాల్సిందే. అది ఎవరికి పోయిందో చెప్పనక్కర్లేదు.

ఆమె అడక్కపోలేదు. "రోజు మార్చి రోజు వెళ్దామండీ" అంది.

"పరుగంటే క్రమం తప్పకూడదు. నీకు తెలియందేముంది?" అన్నాడాయన. ఆ క్రమం సంగతి ఆయనకి నేర్పింది ఆమే.

లోపలి నుంచి అత్తగారు అందుకుంది. "నీకేం తక్కువమ్మాయ్? అందరూ వెళ్ళాక నీ ఇష్టం. ఎంతసేపు కావాలంటే అంతసేపు పరుగెత్తు, వద్దనేదెవరు? కాకపోతే పట్టపగలు. నలుగురూ తిరిగే వేళ. చేతులు నిండా ఉన్న చొక్కా వేసుకో."

అందరూ వెళ్ళాక అంటే డబ్బాలు కట్టి, అత్తగారికి మందులిచ్చి, గిన్నెలు తోమాక. అంటే ఎండ నడినెత్తికి ఎక్కబోతుండగా. మధ్యాహ్నం నుంచి పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనులో కూర్చోవాలి కాబట్టి ఆ తర్వాత సందే లేదు. ఇక చొక్కా. తెల్లది వేసుకుంటే చెమటకి ఒంటికి అతుక్కుంటుంది, కాబట్టి నల్లది. ఆయన బనీను తడిసి అతుక్కుంటే వీధిలో వాళ్ళు అబ్బో అంటారు. ఆమెది అతుక్కుంటే చూసినవాళ్ళని వదిలేసి ఆమెనే సిగ్గుపడమంటారు. అందుకని మే నెల ఎండలో ఆమె మెడ దాకా గుండీలు పెట్టుకుని పరుగెత్తేది.

ఆ రోజు ఇంట్లో ఉన్న ఒక్క నిమ్మకాయా ఆయన సీసాలోకి పోయింది. ఆయన తిరిగొచ్చి, బల్ల దగ్గర కూర్చుని తింటూ, తన పరుగు బృందానికి ఫోనులో సలహాలు రికార్డు చేస్తున్నాడు. "మిత్రులారా, ఎండ ఎక్కకముందే ముగించండి. లేతరంగు బట్టలు వేసుకోండి. దాహం వేసేదాకా ఆగకండి." మధ్యలో ఖాళీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. ఆమె నింపింది. తనకి మాత్రం పొద్దుటి నుంచి చల్లారిపోయిన అరగ్లాసు కాఫీయే దిక్కని పనులన్నీ అయ్యి పరుగుకి వీధిలోకి వచ్చాక ఆమెకి గుర్తొచ్చింది. వెనక్కి వెళ్తే అత్తగారు ఇంకో పని చెబుతుంది. వెళ్ళలేదు.

పార్కు గోడ దాటుతుండగా, అంత ఎండలో ఆమెకి చలేసింది. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కారుతున్న చెమట ఆగింది. అది వడదెబ్బ అని ఆమెకి బాగా తెలుసు, వెంటనే ఆగాలనీ తెలుసు. కానీ ఇప్పుడు ఆగితే ఇవాళ్టికి తనదన్నది అయిపోయినట్టే. ఇంకొక్క మలుపు అనుకుంది. ఆ మలుపులో ఇస్త్రీ దుకాణం ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

దుకాణం ఆవిడ రెక్క పట్టుకుని నీడలోకి లాగింది. బట్టల మీద చల్లే నీళ్ళు ఆమె మెడ మీదా మణికట్ల మీదా కుమ్మరించి, చొక్కా గుండీలకి చెయ్యేసింది. ఆమె కళ్ళు తేలేస్తూ కూడా ఆ చెయ్యి పట్టుకుంది.

"తియ్యనియ్యమ్మా. ఊపిరాడొద్దూ? చూస్తే చూశారు." గుండీలు తీసి, అట్టముక్కతో విసురుతూ, "ఇంత ఎండలో ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?" అని అడిగింది.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపు తన్నుకొచ్చింది.

సాయంత్రం సంగతి విని ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "చదువుకున్నదానివేనా? ఎండలో పరుగెత్తమని నీకెవరు చెప్పారు?"

ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారు టీవీ వైపు చూసింది.

"ఇక ఆ పరుగు మానెయ్యమ్మాయ్. నీకు పడదు" అంది అత్తగారు, ప్రేమగానే.

ఆమె వంటింట్లో ఉండగా హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది. "మిత్రులారా, మా ఇంట్లోనే జరిగింది. ఎన్నిసార్లు చెప్పినా మా ఆవిడ వినదు. ఎర్రటి ఎండలో, నల్లచొక్కా, చేతిలో మంచినీళ్ళు కూడా లేవు." వెంటనే ఎవరిదో జవాబు. ఆయన అందరికీ వినపడేలా పెట్టాడు. "ఆడవాళ్ళకి ఓపికెక్కువ, ఆలోచన తక్కువ సార్." ఆయన పగలబడి నవ్వాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. పడిపోయినందుకు కాదు. అన్నీ తెలిసి ఉండి పడిపోయినందుకు. తన చేత్తో కలిపిన నీళ్ళు తాగి, తను ఉతికిన బనీను వేసుకుని, తన పూట కూడా తీసేసుకుని, ఆ పైన తన తెలివితక్కువతనం గురించి ఊరందరికీ పాఠం చెబుతున్నందుకు. ఇన్నాళ్ళూ దీన్ని సర్దుబాటు అనుకుంటూ వచ్చింది. ఇది దోపిడీ. దొంగకి సంచీ పట్టుకుని నిలబడిన తన మీద కూడా ఆమెకి ఒళ్ళు మండింది.

రెండు రోజులు పూర్తిగా తేరుకునేదాకా ఆగింది. మూడోనాడు మసక వెలుతురులో ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చేసరికి బల్ల మీద ఏమీ లేవు. ఆమె చేతుల్లేని తెల్లచొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది.

"నా నీళ్ళేవి?"

"ఈ ఎండాకాలం పొద్దున్న నేను వెళ్తానండీ."

"ఎండాకాలమంతానా?"

"అంతా. వానలు పడ్డాక చూద్దాం."

"మరి వంటెవరు చేస్తారు? డబ్బాలు? అమ్మ మందులు?"

"మీరు" అంది ఆమె, లేసు బిగిస్తూ. "ఎండ ఎక్కకముందే ముగించండి, ఆలస్యమైతే వంటిల్లు కొలిమైపోతుంది. లేతరంగు బట్టలు వేసుకోండి. దాహం వేసేదాకా ఆగకండి. కళ్ళు తిరిగితే ఇంకొక్క కూర అనుకోకుండా కూర్చోండి."

ఆయన వంటింట్లోకి తొంగిచూసి, నుదురు తుడుచుకుని, అలవాటుగా గోడ మీద స్విచ్చి వైపు చెయ్యి చాపాడు.

"ఫ్యాను మాత్రం వెయ్యకండి" అంది ఆమె లేచి నిలబడుతూ. "మంట ఆరిపోతుంది."