ఏనుగు దగ్గర కూర్చోవాలి

పార్కులో ఏనుగును పీకేశారట. ఈ మాట మా అక్కకు చెప్పింది పక్కవాటా కుట్టుమిషనామె. ఆమెకు చెప్పింది పాలు పోసేవాడట. వాడు కళ్ళారా చూశాడట, తొండం ఒక బండిలో, కాళ్ళు ఇంకో బండిలో వెళ్ళాయట. కుట్టుమిషనామె తెచ్చే వార్తల్లో సగానికి కొలతలు తప్పుతాయి. ఇదీ ఆ సగంలోదే అయితే బాగుండుననుకున్నాను.

"నువ్వు రోజూ వెళ్ళొస్తున్నావుగా? నిన్న కూడా ఏనుగు ఉందన్నావు?" అంది అక్క, మంచం మీద నుంచే.

"ఉంది. ఆవిడ నోటికి గుండీలు కుట్టే దర్జీ ఇంకా పుట్టలేదు" అన్నాను.

అక్క నవ్వలేదు.

ఏనుగంటే సిమెంటు ఏనుగు. తోక వైపు మెట్లెక్కితే పిల్లలు తొండం మీదుగా జర్రున జారేవాళ్ళు. మా బావ ముప్ఫయ్యేళ్ళు బస్సు కండక్టరు. ఆ పార్కు స్టాపులో ఎన్ని వేలమందిని దింపాడో లెక్కలేదు. ఉద్యోగం అయిపోయిన రెండేళ్ళకు మతి సడలింది. ఇంటి నంబరు మరిచాడు, వీధి మరిచాడు. నన్ను చూస్తే చాలు ఏదో ఒకటి అని ఏడిపించకుండా వదలనివాడు, ఒకరోజు "టికెట్ తీసుకున్నారా అమ్మా?" అని అడిగాడు. జేబులో చిరునామా చీటీ పెడితే దాన్ని ముక్కలుగా చింపి దారినపోయేవాళ్ళ చేతుల్లో పెట్టి వచ్చేవాడు. ప్లాస్టిక్ కవర్లో కుట్టి పెడితే పళ్ళతో కొరికి మరీ టికెట్లు కొట్టాడు.

కాగితంతో లాభం లేదని అక్క నోటితో నేర్పింది. రోజూ అన్నం కలుపుతూ అడిగేది.

"దారి తప్పితే ఏం చెయ్యాలి?"

"ఏనుగెక్కడని అడగాలి."

"అడిగి?"

"ఏనుగు దగ్గర కూర్చోవాలి."

"ఎంతసేపు?"

"నువ్వొచ్చేదాకా."

రెండుసార్లు తప్పిపోయి రెండుసార్లూ అక్కడే దొరికాడు. ఏనుగు పొట్ట కింద నీడలో కూర్చుని, జారే పిల్లల్ని "లోపలికి జరగాలి, జరగాలి" అని గదమాయిస్తూ.

పదకొండు నెలల కిందట మూడోసారి తప్పిపోయాడు. పోలీసులకు చెప్పాం, ఆసుపత్రులన్నీ తిరిగాం. అక్క మాత్రం పొద్దున్నుంచి గేటు మూసేదాకా ఏనుగు దగ్గరే కూర్చునేది. మూడు నెలల కిందట మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుంది.

"నా బదులు నువ్వెళ్ళి కూర్చోవే. ఒక్క గంటయినా."

సరేనన్నాను. ఒక వారం వెళ్ళాను. తర్వాత పార్కు బాగుచేస్తున్నామని బోర్డు పెట్టి చుట్టూ రేకులు కట్టేశారు. ఆ మాట చెబితే అక్క విరిగిన కాలితోనే బయల్దేరుతుందని చెప్పలేదు. నలుగురితో ఇదే చెబుతాను. నిజం ఇంకొకటుంది. బావ వస్తాడన్న ఆశ నాకు పోయింది. ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని ముగించుకుని నేరుగా ఇంటికొచ్చి, రోజూ ఒకే మాట అప్పజెప్పేదాన్ని. "వెళ్ళాను. చూశాను. రాలేదు."

ఆ సాయంత్రం అక్క నడకకర్ర అందుకుంది. ఎంత వద్దన్నా వినలేదు. ఆటోలో తీసుకెళ్ళాను.

పార్కు తెరిచి నాలుగు రోజులైందట. పాత గేటు ఉన్నచోట గోడ లేచింది. కొత్త గేటు వెనక వీధిలో పెట్టారు. లోపల నీళ్ళు చిమ్మే ఫౌంటెను, నునుపురాళ్ళ బాట, చేతులు కాళ్ళు ఆడించుకునే ఇనుప యంత్రాలు. పిల్లల చోటంతా ఎర్ర రబ్బరు పరిచి, పచ్చ పసుపు జారుడుబల్లలు పెట్టారు. పిల్లలు కేరింతలు కొడుతున్నారు.

"బాగుంది" అంది అక్క.

తిడితే బాగుండేది.

ఏనుగు ఉండిన చోటు వెతుక్కుంటూ వెళ్ళి కర్రతో నేలను పొడిచింది. రబ్బరు లోపలికి దిగి మళ్ళీ పైకి లేచింది.

"నువ్వు ఎన్నాళ్ళ నుంచి రావట్లేదు?"

"రెండు నెలలు... రెండున్నర."

నా వైపు చూడలేదు. ఇంతలో కొత్త వాచ్‌మన్ వచ్చాడు.

"అమ్మా, కర్రతో పొడవకండి. రబ్బరు చిరుగుద్ది."

"పొడవన్లే నాయనా. ఇక్కడ ఏనుగుండేది. ఎవరైనా పెద్దాయన వచ్చి ఏనుగెక్కడని అడిగితే, పొమ్మనకు. ఇక్కడే కూర్చోబెట్టు. పేరు అడిగితే చెప్పలేడు, కోప్పడకు" అంది అక్క.

వాచ్‌మన్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఒకాయన అడిగాడమ్మా. రేకులున్నప్పుడు. ఏనుగూ లేదు, గీనుగూ లేదు, పోవయ్యా అన్నాను. అయినా మూడు రోజులు వరసగా వచ్చాడు. రోజూ నా చేతిలో ఇంత కాగితం ముక్క పెట్టి, 'రైట్ రైట్' అనేవాడు. మూడోరోజు రేకులకు ఆనుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. తాలూకు వాళ్ళు వస్తారేమో, అప్పజెబుదామని నేనూ చూశాను. ఒక్కళ్ళూ రాలేదు."